ఆగిన బండికి కూలి లేదు: విశాఖ లారీ డ్రైవరు సంపాదన లెక్క

విశాఖపట్నంలో ఏది ఆగినా దానికో రేటు ఉంటుంది. ఒప్పుకున్న గడువు దాటి ఓడ బెర్తులో ఉండిపోతే దాన్ని అద్దెకు తీసుకున్నవాళ్లు డెమరేజి కట్టాలి. వ్యాగన్లను ఇచ్చిన టైములో ఖాళీ చేయకపోతే రైల్వే గంటల లెక్కన వసూలు చేస్తుంది. కంటైనరును రోజులు దాటి అట్టే పెట్టుకుంటే షిప్పింగ్ లైను డిటెన్షన్ బిల్లు పంపుతుంది. యార్డులో పడి ఉన్న సరుకుకి అద్దె వేరు. వీటన్నిటి మధ్య, గేటు బయట రోడ్డు పక్కన, స్టీరింగు మీద తల ఆనించి కునుకు తీస్తున్న లారీ డ్రైవరు టైముకి మాత్రం రేటు లేదు. బండి కదిలితేనే అతనికి డబ్బు.

ఇది అర్థమైతే ఈ ఊళ్లో లారీ పని గురించి రోజూ వినిపించే రెండు మాటల సంగతి తెలుస్తుంది. "డ్రైవర్లు దొరకట్లేదండీ, బళ్లు షెడ్డులో పెట్టుకుని కూర్చున్నాం" అని ఓనర్లు అంటారు. "నెలంతా బండి మీదే ఉన్నా ఇంటికి పంపడానికి ఏమీ మిగలట్లేదు" అని డ్రైవర్లు అంటారు. మామూలుగా మనుషులు దొరకని పనికి జీతం పెరగాలి. ఇక్కడ మనుషులూ దొరకట్లేదు, జీతమూ సరిపోవట్లేదు. ఎవరూ అబద్ధం చెప్పట్లేదు. ఇద్దరి డబ్బూ ఒకేచోట, గేటు దగ్గర, కారిపోతోంది.

విశాఖలో లారీ పని అంటే ఒక్క రకం కాదు. 1933లో మొదలైన పోర్టు, గాజువాక పక్కన స్టీల్ ప్లాంటు, దానికి ఆనుకుని గంగవరం పోర్టు, మల్కాపురంలో రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్, ఆటోనగర్ గోడౌన్లు. ఒక్కో గేటుకి ఒక్కో రకం బండి వస్తుంది, ఒక్కో రకం బతుకూ వస్తుంది. పోర్టు నుంచి స్టాక్ యార్డుకి బొగ్గో ఎరువో తోలే టిప్పరు డ్రైవరు రాత్రికి ఇల్లు చేరతాడు. అతనికి ట్రిప్పుల లెక్క. కంటైనర్ ట్రైలరు నడిపే అతనూ చాలావరకు లోకలే, కానీ ఏ అర్ధరాత్రి పిలుపు వస్తుందో తెలియదు. రిఫైనరీ ట్యాంకరుకి ప్రమాదకర సరుకుల శిక్షణ ఉండాలి, లైసెన్సు మీద ఆ ముద్ర ఉండాలి. అందుకే ఆ డ్రైవర్లకు కాస్త గిరాకీ, కాస్త క్రమం ఉన్న డ్యూటీ. ఇక 'లైను' బళ్లు, అంటే దూరప్రాంతాలకి పోయేవి. స్టీల్ ప్లాంటు నుంచి ఇనుప చువ్వలు, వైర్ రాడ్ కాయిల్స్ వేసుకుని హైదరాబాదు, చెన్నై వెళ్లేవి, విజయనగరం, సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి జగదల్‌పూర్, రాయపూర్ వైపు పోయేవి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం లైను డ్రైవరు గురించే, ఎందుకంటే జీతం లెక్క బాగా చిక్కుపడేది అక్కడే.

పోర్టు 2023-24లో 8 కోట్ల టన్నుల సరుకు దాటించింది. ఆ అంకె చూసి లారీలకు పని పుష్కలం అనుకోకూడదు. ఇనుప ఖనిజం, బొగ్గులో పెద్ద భాగం రైలు మీద పోతాయి, చమురు పైపుల్లో పోతుంది. లారీకి వచ్చేది మిగతాది, అదీ ఓడ వచ్చినప్పుడు ఒక్కసారిగా వస్తుంది. ఎరువుల ఓడ బెర్తుకి తగిలిన వారం బళ్లు చాలవు, ఓడ వెళ్లిపోయిన మర్నాడు అవే బళ్లు ఖాళీ. స్టీల్ ప్లాంటు సంగతి మరీ సూటిగా తగులుతుంది. 2024లో బ్లాస్ట్ ఫర్నేసులు ఆగి ఉత్పత్తి పడిపోయినప్పుడు ప్లాంటు ఉద్యోగుల జీతాల గురించి పేపర్లలో వచ్చింది, రావాల్సిందే. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినప్పుడూ చర్చ వాళ్ల చుట్టూనే నడిచింది. ప్లాంటులో ఒక టన్ను తగ్గితే బయట ఒక టన్ను లోడు తగ్గుతుంది. ఆ లోడు కోసం ప్లాంటు దగ్గరి కూర్మన్నపాలెం వైపు వారాల తరబడి చూసిన డ్రైవరు ఏ జీతాల పట్టీలోనూ లేడు కాబట్టి అతని నష్టం ఏ లెక్కలోకీ ఎక్కలేదు.

జీతం తక్కువ, బత్తా ఎక్కువ

లైను డ్రైవరు సంపాదన మూడు ముక్కలు. మొదటిది నెల జీతం. రెండోది బత్తా, అంటే ట్రిప్పుకింత అని ఇచ్చేది. అతను దారిలో తినేదీ తాగేదీ అందులోంచే. మూడోది డీజిల్ మిగులు. ఓనరు ఈ బండి లోడుతో లీటరుకి ఇన్ని కిలోమీటర్లు ఇవ్వాలని ఒక 'యావరేజి' కడతాడు. అంతకన్నా బాగా వస్తే మిగిలిన డీజిల్ విలువ డ్రైవరుకి, తగ్గితే అతని జీతంలో కోత. కొందరు ఓనర్లు ఈ మూడూ కలిపి ట్రిప్పు మొత్తానికి ఒకే మొత్తం మాట్లాడుకుంటారు. అప్పుడు డీజిలు, దారి ఖర్చు, కూలీలు అన్నీ డ్రైవరు నెత్తిన ఉంటాయి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఇది ఏ ఒక్క కంపెనీ రేటూ కాదు, లెక్క ఎలా నడుస్తుందో చూడటానికి వేసుకున్నది. జీతం 8,000 రూపాయలు. హైదరాబాదు పోయి రావడానికి బత్తా 3,500. నెలలో నాలుగు రోజులు ఇంటి దగ్గర, 26 రోజులు బండి మీద. నాలుగు ట్రిప్పులు పడ్డాయి. చేతికి 22,000 వచ్చింది. వినడానికి ఫర్వాలేదు. గాజువాకలో ఒక షాపులో సేల్స్‌మన్‌గా చేసే కుర్రాడి కన్నా ఎక్కువే కావచ్చు.

ఇప్పుడు గంటలు చూద్దాం. విశాఖ నుంచి హైదరాబాదు సుమారు 620 కిలోమీటర్లు. లోడు బండి సగటున గంటకి 40 కిలోమీటర్లు పోతుందనుకుంటే వెళ్లడానికి 15 గంటల 30 నిమిషాలు, రావడానికి అంతే. మొత్తం 31 గంటలు. కానీ 26 రోజుల్లో నాలుగు ట్రిప్పులంటే ఒక్కో ట్రిప్పుకి ఆరున్నర రోజులు పట్టినట్టు. రోజుకి ఎనిమిది గంటలు నిద్రకు తీసేసినా ఒక ట్రిప్పులో డ్రైవరు మెలకువగా బండి దగ్గర ఉన్నది 104 గంటలు. అందులో చక్రం తిరిగింది 31. మిగతా 73 గంటలు గేటు బయట వరస, లోడింగు, కాటా, లోడు మీద పట్టా (టార్పాలిన్) కట్టడం, అక్కడ అన్‌లోడింగు కోసం కాపు, తిరుగు లోడు కోసం ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ముందు పడిగాపులు.

నెలకి 416 గంటలు. చట్టం చెప్పే వారానికి 48 గంటలను నెలకి మారిస్తే 208. సరిగ్గా రెట్టింపు. తిండికి రోజుకి 300 ఖర్చు పెట్టుకున్నాడంటే 26 రోజులకి 7,800 పోయి 14,200 మిగిలింది. గంటకి 34 రూపాయలు. ఆ షాపు కుర్రాడు రాత్రి ఇంట్లో అన్నం తిని తన మంచం మీద పడుకుంటాడు.

ఇదే లెక్కని ఇంకో వైపు నుంచి చూడాలి, అసలు సంగతి అక్కడ ఉంది. ఆ 73 గంటల కాపు సగానికి తగ్గితే ట్రిప్పు నాలుగు రోజుల పైచిలుకులో అయిపోతుంది. నెలకి ఆరు ట్రిప్పులు పడతాయి. బత్తా 21,000, జీతం 8,000, మొత్తం 29,000. ఎవరూ ఒక్క రూపాయి రేటు పెంచలేదు. ఓనరుకీ రెండు కిరాయిలు అదనం. బండి కిస్తీ, ఇన్సూరెన్సు, టాక్సు బండి తిరిగినా తిరగకపోయినా ఒకటే కాబట్టి ఆ రెండు కిరాయిల్లో అతనికి మిగులు ఎక్కువ. డ్రైవరూ ఓనరూ బత్తా దగ్గర వందకీ రెండొందలకీ వాదులాడుకుంటూ ఉంటారు. ఇద్దరినీ కలిపి ముంచుతున్నది మూడోవాడి గేటు.

గేటు దగ్గర హాల్టింగ్ చార్జీ అనేది అసలు లేదా అంటే, ఉంది. లోడు ఇచ్చినవాళ్లు ఒక రోజు దాటాక రోజుకింత హాల్టింగ్ ఇవ్వాలని చాలా ఒప్పందాల్లో మాట ఉంటుంది. ఆ మాట ఎక్కువసార్లు బేరానికి వస్తుంది. వచ్చిన డబ్బు ఓనరుకి పోతుంది. బండి ఆగినందుకు అది పరిహారం, మనిషి ఆగినందుకు కాదు.

ముప్పై అడుగులు

శీలానగర్ నుంచి కాన్వెంట్ జంక్షన్ వైపు పోయే పోర్టు రోడ్డు 12 కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున ఐదు గంటలకి ఆ దారిలో ఆగిన బళ్ల పక్కన నడిస్తే ఈ ఉద్యోగం సగం అర్థమవుతుంది. బండి పక్కన ఇనుప పెట్టె మూత తెరిచి ఉంటుంది. అందులో చిన్న గ్యాస్ సిలిండరు, నల్లబడిన గిన్నె, బియ్యం డబ్బా, ఆవకాయ సీసా, ఐదు లీటర్ల నీళ్ల క్యాను. ఆ క్యాను నీళ్లతోనే వంట, మొహం కడుక్కోవడం, మిగిలితే అద్దం తుడవడం. ట్రైలరు కింద ఇరుసుల మధ్య దుప్పటి ఉయ్యాలలా కట్టుకుని ఒకతను పడుకుని ఉంటాడు. పైన క్యాబిన్లో ఉక్క, బయట దోమలు, రోడ్డు మీద బొగ్గు పొడి. పక్కన నీడ ఉన్నది ఆ కింద ఒక్కచోటే.

నిద్ర పట్టిన పావుగంటకి ముందు బండి కదులుతుంది. వెనక హారన్లు. అతను దిగి, ఉయ్యాల విప్పి, క్యాబిన్ ఎక్కి, స్టార్ట్ చేసి, ముప్పై అడుగులు ముందుకి పోయి ఆపుతాడు. మళ్లీ దిగుతాడు. రాత్రంతా ఇలా ఎన్నిసార్లో. ఈ రాత్రి తర్వాతే అతనికి లోడు ఎక్కుతుంది, ఆ లోడుతోనే అతను హైవే మీదకి వెళ్తాడు. తెల్లవారుజామున తుని దగ్గరో అన్నవరం దగ్గరో ఆగి ఉన్న బండిని లారీ వెనక నుంచి గుద్దిందనే వార్త చదివినప్పుడు 'డ్రైవర్ నిద్రమత్తు' అని ఉంటుంది. ఆ మత్తు ముందు రాత్రి ఎక్కడ మొదలైందో వార్తలో ఉండదు.

చొక్కా జేబులో ఒక చిన్న నోట్‌బుక్ ఉంటుంది. ఇప్పుడు కొందరు ఫోన్‌లో రాసుకుంటున్నారు కానీ నోట్‌బుక్ ఇంకా పోలేదు. డీజిలు, కాటా, పట్టా కట్టిన కూలీలకి, పంక్చరు, అన్‌లోడింగు దగ్గర టీ డబ్బులు, దారి మామూళ్లు, తాడు కొత్తది. తిరిగొచ్చాక ఓనరు ముందు ఈ పేజీ విప్పాలి. రసీదు ఉన్న ఖర్చు ఒప్పుకుంటారు. రసీదు లేని ఖర్చు మీద వాదన. మామూళ్లకి రసీదు ఉండదు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక టోల్ డబ్బులు డ్రైవరు చేతి మీదుగా పోవడం ఆగింది. అది మంచిదే. అయితే అతని చేతిలో రొక్కం తగ్గింది, దారిలో రొక్కం అడిగేవాళ్లు మాత్రం తగ్గలేదు.

ఈ పేజీలో డ్రైవర్లకి బాగా కడుపు మండించేది 'షార్టేజీ'. పోర్టులో బొగ్గు దుమ్ము లేవకుండా నీళ్లు కొడతారు. తడి బొగ్గు కాటా ఎక్కి బయల్దేరుతుంది. మండు వేసవిలో రెండు మూడు రోజులు పోయాక అక్కడి కాటా మీద బరువు తగ్గి కనిపిస్తుంది. ఆరిపోయింది నీళ్లే అయినా కాగితం మీద అది తగ్గిన బొగ్గు. ఒప్పుకున్న హద్దు దాటిన తేడాని కిరాయిలో కోస్తారు, ఓనరు దాన్ని డ్రైవరు మీదకి నెడతాడు. ఎరువుల బస్తా చిరిగినా అంతే. కొక్కెం వేసి బస్తా లాగింది హమాలీ, ఎక్కించమన్నది గోడౌను, డబ్బు కట్టింది స్టీరింగు పట్టిన మనిషి. తన చేతిలో లేనిదానికి మనిషిని బాధ్యుణ్ణి చేయడం అన్యాయం. ఎన్నేళ్ల అలవాటు అయినా అన్యాయమే.

ఓవర్‌లోడు సంగతి కొంత మెరుగు. 2018లో కేంద్రం యాక్సిల్ బరువు (ఒక్కో ఇరుసు మీద పడే బరువు) హద్దులు పెంచాక పది టైర్ల లారీ మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5కి, పన్నెండు టైర్లది 31 నుంచి 36కి చేరింది. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకి 20,000 రూపాయల జరిమానా, ఆ పైన టన్నుకి 2,000. ఈ భయంతో కొన్ని లోడులు దారికి వచ్చాయి. అయితే హద్దు పెంచిన కొత్తలో అంతే సరుకుకి తక్కువ బళ్లు చాలాయి, కిరాయి మీద దెబ్బ పడింది. ఆ దెబ్బ బత్తా దాకా దిగింది.

ఐదుగురు, పదిమంది

లారీ డ్రైవర్లకి చట్టం లేదని చాలామంది అనుకుంటారు. ఉంది, ఎప్పటి నుంచో ఉంది. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అన్నది. ఐదు గంటలు పనిచేస్తే అరగంట విరామం, వారానికి ఒక సెలవు, అదనపు గంటలకి రెట్టింపు కూలి. 1988 మోటారు వాహనాల చట్టం కూడా డ్రైవరు పని గంటలకి ఈ చట్టమే కొలత అని చెప్పింది. కాగితం మీద చూస్తే కళ్లు చెమర్చేంత మంచి చట్టం.

అందులో రెండు తలుపులున్నాయి, రెండు తలుపుల్లోంచీ విశాఖ డ్రైవరు బయటికి జారిపోయాడు. మొదటిది, ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువ కార్మికులున్న సంస్థలకే ఆ చట్టం. మన దగ్గర లారీలు చాలావరకు ఒకటీ రెండూ మూడూ బళ్లున్న ఓనర్లవి. ఒక బండి కొని కిస్తీ కట్టుకుంటూ తనే నడుపుకునేవాళ్లు కూడా చాలామంది. కంపెనీ లోడు ఇచ్చేది పెద్ద ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టరుకి, కాంట్రాక్టరు బళ్లు తీసుకునేది బ్రోకరు ద్వారా, బ్రోకరు పిలిచేది ఒక్క బండి ఓనరుని. సరుకు వెయ్యి టన్నులది, పని వందలమందిది, కానీ యజమాని అని చూపించడానికి ఉన్నది ఇద్దరు డ్రైవర్లున్న మనిషి.

ఆ చట్టాన్ని తనలో కలుపుకున్న వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. అందులో మోటార్ ట్రాన్స్‌పోర్ట్ సంస్థకి హద్దు ఐదు కాదు, పది. తలుపు ఇంకా వెడల్పయింది. ఈఎస్ఐకి పదిమంది, పీఎఫ్‌కి ఇరవైమంది అనే హద్దులు ఎలాగూ ఉన్నాయి. బళ్లు చిన్న చిన్న చేతుల్లో ఉండే పరిశ్రమలో మనుషుల సంఖ్యతో హద్దు పెట్టడమంటే ఆ పరిశ్రమలో ఎక్కువమందిని వదిలేయడమే.

రెండో తలుపు ఇంకా సన్నది, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. పని గంటలంటే ఏమిటో చెప్పేచోట చట్టం మూడు లెక్కలోకి తీసుకుంటుంది: బండి నడుస్తున్నప్పటి పని, దానికి అనుబంధ పనులు, టెర్మినల్ దగ్గర ఊరికే హాజరుగా ఉన్న సమయం అయితే పదిహేను నిమిషాల లోపుది. కొత్త కోడ్‌లోనూ ఇదే మాట ఉంది. 1961లో ఇది బస్సుల్ని దృష్టిలో పెట్టుకుని రాసి ఉండాలి. బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగితే అది పని, గంటన్నర ఆగితే డ్రైవరు వెళ్లి అన్నం తింటాడు, అది విశ్రాంతి. లారీ విషయంలో ఇది తిరగబడింది. ఇరవై గంటల వరసని ఊరికే హాజరు అనేస్తే చట్టం దృష్టిలో అది పనే కాకుండా పోతుంది. పావుగంటకోసారి ముప్పై అడుగులు ముందుకి పోతున్న మనిషిది విశ్రాంతి ఎలా అవుతుంది? అతను బండి వదిలి వెళ్లలేడు, పడుకోలేడు, వరస తప్పితే మళ్లీ చివర నిలబడాలి. 1961 చట్టంలో పని గంటల నిర్వచనం మొదలయ్యేదే యజమాని అవసరానికి అందుబాటులో ఉన్న సమయం పని సమయం అనే మాటతో. ఆ వాక్యం పట్టుకుని గట్టిగా వాదించాల్సిన యూనియన్లు జరిమానాల మీద, డీజిల్ ధర మీద పోరాడినంతగా దీని మీద పోరాడలేదు. ఇది చెప్పక తప్పదు.

జీతం తక్కువ, బత్తా ఎక్కువ అనే పద్ధతి బతికున్నప్పుడు పెద్దగా తేడా చూపించదు. చనిపోయినప్పుడు చూపిస్తుంది. ఒక్క బండి ఓనరు దగ్గర పనిచేసిన డ్రైవరుకైనా పనిలో ప్రాణం పోతే పరిహారం రావాలి. ఇక్కడ పదిమంది హద్దు లేదు. బండి ఇన్సూరెన్సులో ఇది కలిసి ఉంటుంది. లెక్క ఏమిటంటే నెల జీతంలో సగాన్ని వయసుకి తగిన అంకెతో హెచ్చించాలి, జీతాన్ని 15,000 వరకే లెక్కలోకి తీసుకుంటారు. 35 ఏళ్ల మనిషికి ఆ అంకె 197.06. జీతం 15,000 అని రుజువైతే కుటుంబానికి 14,77,950 రూపాయలు. మన ఉదాహరణలోని డ్రైవరుకి నెలకి 22,000 వస్తున్నా, బత్తా ప్రయాణ ఖర్చే అని తీసేసి 8,000 మాత్రమే జీతం అంటే 7,88,240. దాదాపు సగం. పరిహారం సంగతి చూసే కొత్త సామాజిక భద్రత కోడ్‌లో ఒక మేలు ఉంది. భత్యాలు మొత్తం రాబడిలో సగం దాటితే దాటిన భాగం జీతంలో కలుస్తుంది. ఆ లెక్కన ఇతని జీతం 11,000 అవుతుంది, పరిహారం 10,83,830. ఇదంతా దక్కాలంటే ఆ బత్తా ఇచ్చినట్టు ఎక్కడో రాసి ఉండాలి. చేతికి రొక్కం ఇచ్చి నోట్‌బుక్‌లో టిక్కు పెట్టిన బత్తాని ఆ ఇంటి ఆడమనిషి ఏ అధికారి ముందు రుజువు చేయగలదు? జీతాన్నీ బత్తానీ రెండిటినీ బ్యాంకులో వేయమని డ్రైవరు అడగాలి. ఓనరుకి దీనివల్ల ఖర్చేమీ పెరగదు.

క్లీనరు లేని క్యాబిన్

ఒకప్పుడు లారీలో ఇద్దరుండేవారు. క్లీనరుగా ఎక్కిన కుర్రాడు టైరు మార్చడం, తాడు ముడి వేయడం, రివర్సులో కేకలు పెట్టడం నేర్చుకుని, ఖాళీ రోడ్డు మీద స్టీరింగు పట్టి, నాలుగైదేళ్లకి డ్రైవరయ్యేవాడు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి విశాఖకి వచ్చిన పాత డ్రైవర్లలో చాలామంది ఇలా తయారైనవాళ్లే. ఆ కాలాన్ని గొప్ప చేయనక్కర్లేదు. క్లీనరు కుర్రాడి బతుకు తిట్లతోనే గడిచేది. కానీ బడి అంటూ ఉన్నది అదే. కిరాయిలు గిట్టుబాటు కాక ఓనర్లు ముందుగా తీసేసింది క్లీనరునే. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధనని కూడా కేంద్రం 2018లో తీసేసింది. ఇప్పుడు చాలా లైను బళ్లలో ఒక్కడే మనిషి. పట్టా ఒక్కడే కట్టాలి, రాత్రి ఒక్కడే కాపలా ఉండాలి, ఘాట్ ఎక్కేటప్పుడు నిద్ర వస్తే పలకరించేవాడు లేడు.

ఇవాళ డ్రైవర్లు దొరకట్లేదని అంటున్నారంటే, దొరికేలా చేసే దారిని క్లీనరుని తీసేసినప్పుడే మూసేశారు కాబట్టి. 2019లో ఎనిమిదో తరగతి చదువు నిబంధన ఎత్తేసినా పెద్ద తేడా రాలేదు. అడ్డం పడుతున్నది చదువు కాదు కదా. హెవీ లైసెన్సు ఉన్న కుర్రాడికి విశాఖలో వేరే దారులున్నాయి. ఫార్మా కంపెనీ స్టాఫ్ బస్సు, లోకల్ టిప్పరు, ఆర్టీసీ, గల్ఫు. ఏది దొరికినా లైను కన్నా ముందు అదే పట్టుకుంటాడు. ఆర్టీసీ డ్రైవరు చేతిలో ఉన్నదీ ఇదే హెవీ లైసెన్సు. అతనికి డ్యూటీ చార్టు ఉంది, 2020 జనవరి నుంచి ప్రభుత్వ ఉద్యోగి హోదా ఉంది. లారీ డ్రైవరుకి ఏడాదికోసారి ఇచ్చే సాయం కూడా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాహనమిత్ర అయినా, తర్వాత వచ్చిన ఆటో డ్రైవర్ సేవలో అయినా, సొంత ఆటో, టాక్సీ, మ్యాక్సీ క్యాబ్ నడుపుకునేవాళ్లకే. పెళ్లి సంబంధాల మాట కూడా ఇక్కడ చిన్నది కాదు. లైను డ్రైవరు అంటే పిల్లనివ్వడానికి వెనకాడుతున్నారని ఊళ్లల్లో అందరికీ తెలుసు. జీతం రెండు వేలు పెంచినంత మాత్రాన అది మారదు, నెలలో ఎన్ని రాత్రులు ఇంట్లో ఉంటాడన్నది మారాలి.

ప్రభుత్వాలు ఏమీ చేయలేదనడం సరికాదు. 2025 నుంచి తయారయ్యే మధ్య, భారీ లారీల క్యాబిన్లో ఏసీ తప్పనిసరి చేశారు. చమురు కంపెనీలు హైవే బంకుల్లో డ్రైవర్లు పడుకోవడానికి, స్నానానికి 'అప్నా ఘర్' పేరుతో వసతి కడుతున్నాయి. రెండూ అవసరమే. అయితే డబ్బు లెక్క మారకపోతే వసతి వాడకంలోకి రాదు. డీజిల్ యావరేజి తగ్గితే జీతంలో కోత అన్నప్పుడు ఏ డ్రైవరు ఏసీ వేస్తాడు? గేటు ముందు ఇంజను ఆన్‌లో పెట్టి ఏసీలో కూర్చుంటే ఆ డీజిల్ ఎవరిది? యావరేజి కట్టేటప్పుడే ఏసీకి, ఆగి ఉన్న గంటలకి ఇంత అని కలిపితేనే ఆ చల్లదనం మనిషికి తగులుతుంది. హైవే మీద ఎంత మంచి గది కట్టినా, పోర్టు రోడ్డులో వరస తప్పుతుందని భయపడే మనిషి అక్కడికి వెళ్లలేడు. అతనికి కావాల్సింది నంబరు ఇచ్చి, వంతు వచ్చినప్పుడు ఫోన్ చేసే పద్ధతి. బ్యాంకులో టోకెన్ ఇచ్చినట్టే.

ఆగిన గంటలకి డబ్బివ్వాలంటే వాటిని లెక్కపెట్టేదెవరు అని అడుగుతారు. లెక్క ఇప్పటికే ఉంది. టోల్ దాటిన క్షణం ఫాస్టాగ్‌లో ఉంది. పోర్టు లోపలికి వెళ్లిన టైము గేటు దగ్గర యంత్రం చదివే ఆర్‌ఎఫ్‌ఐడీ పాసులో ఉంది. జీపీఎస్ ఉన్న బండి అయితే ఎక్కడ ఎంతసేపు ఆగిందో ఓనరు ఫోన్‌లో మ్యాపు మీద ఎర్ర చుక్కగా ఉంది. ఆ చుక్కని చూసి "ఎందుకు ఆపావు" అని డ్రైవరుకి ఫోన్ చేస్తున్నారు కూడా. కంపెనీలు లోడు ఒప్పందంలో నాలుగో గంట తర్వాత గంటకింత అని రాసి, అందులో ఒక భాగం నేరుగా డ్రైవరు ఖాతాకి అని చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పోర్టులు, పెద్ద ప్లాంట్లు తమ రవాణా టెండర్లలో ఈ ఒక్క షరతు పెడితే కింద ఉన్న ఒక్క బండి ఓనరు దాకా అది చేరుతుంది. గేటులోపల వాళ్ల జేబు నుంచి డబ్బు పోవడం మొదలైతే లోడింగు పాయింట్ల సంఖ్య, షిఫ్టు మారే వేళ, భోజనం గంట అన్నీ వాళ్లంతట వాళ్లే చూసుకుంటారు. ఓడ విషయంలో ఇప్పటికే చూసుకుంటున్నారు.

ప్రతి లోడుకీ డ్రైవరు చేతికి ఒక కాటా చీటీ వస్తుంది. అరచేతిలో పట్టే కాగితం. పైన బండి నంబరు, కింద ఖాళీ బరువు, లోడు బరువు, నికర బరువు. రెండు బరువుల పక్కనా రెండు టైములు అచ్చు వేసి ఉంటాయి, ఖాళీగా లోపలికి వెళ్లినది, నిండుగా బయటికి వచ్చినది. బరువులో తేడా ఎంత ఉందో ఓనరు, బ్రోకరు, కంపెనీ అందరూ కిలోల దాకా చూస్తారు. పక్కనే ఉన్న రెండు టైముల మధ్య తేడాని ఇంతవరకు ఎవరూ తీసివేసి చూడలేదు.